కొవ్వు పెరిగిందంటున్న మెషిన్, వదులవుతున్న బట్టలు: ఒక కేస్ స్టడీ

బరువు తగ్గాలని నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఇంట్లో అప్పటికే ఒక బాడీ ఫ్యాట్ స్కేల్, అంటే బరువుతో పాటు ఒంట్లో కొవ్వు శాతం కూడా చూపించే మెషిన్, కొనుక్కుని ఉంటారు. "మేడమ్, ఇది కరెక్టేనా?" అన్న ప్రశ్న వారానికి ఒక్కసారైనా వింటాను. దానికి నా దగ్గర ఒక రెడీమేడ్ జవాబు ఉండేది: "రోజువారీ నంబరు పట్టించుకోకండి, మొత్తం మీద ఎటు పోతోందో చూడండి." ఈ కేసులో ఆ మొత్తం మీద పోకడే తప్పు. అది కనిపెట్టడానికి నాకు ఆరు వారాలు పట్టింది, ఆ ఆరు వారాల్లో నేను తీసుకున్న మూడు నిర్ణయాలు బెడిసికొట్టాయి. అందుకే రాస్తున్నాను.

క్లయింట్‌ని అడిగి, ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టేలా ఉన్న వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. కొలతలు నా నోట్స్‌లోవి.

నేపథ్యం

43 ఏళ్ళ మహిళ. రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం. ఎత్తు 158 సెంటీమీటర్లు, మొదటి రోజు బరువు 78.4 కిలోలు, నడుము చుట్టుకొలత 97.5 సెంటీమీటర్లు. బీఎంఐ 31 దాటింది. నడుము ఎత్తులో సగానికి లోపు ఉండాలన్న లెక్కన చూస్తే ఆవిడ నడుము 79 లోపు ఉండాలి. షుగర్ లేదు, థైరాయిడ్ పరీక్ష మామూలుగానే ఉంది, బీపీ కాస్త ఎక్కువ. అంతకుముందు రెండుసార్లు గట్టిగా డైటింగ్ చేశారు. రెండుసార్లూ తగ్గినదానికంటే ఎక్కువే పెరిగారు.

అది విన్నాక తిండి మరీ కోయదలచుకోలేదు. రోజుకు సుమారు 400 కేలరీల లోటు, కిలో బరువుకు 1.2 గ్రాముల లెక్కన ప్రొటీన్, వారానికి మూడు రోజులు బరువులతో వ్యాయామం, మిగతా రోజులు నడక. నెలకు కిలో నుంచి కిలోన్నర తగ్గితే చాలనుకున్నాం. ఇంట్లో స్కేల్ ఉందని, రోజూ చూసుకుంటానని ఆవిడ మొదటి రోజే చెప్పారు. నేను "మంచిదే" అన్నాను. అంతకుమించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఏం సమస్యతో వచ్చారు

ఎనిమిదో వారం చివర ఆవిడ కూర్చుంటూనే ఫోన్ నా ముందు పెట్టారు. యాప్‌లో కొవ్వు శాతం గీత పైకి పోతోంది. కింద ఎర్ర రంగులో "మెటబాలిక్ ఏజ్ 56".

"నా వయసు 43 మేడమ్. ఇది 56 అంటోంది. రెండు నెలలు నోరు కట్టుకున్నది కండ పోగొట్టుకోవడానికా?"

ఆవిడ అన్నది ఊరికే కాదు, దాని వెనక లెక్క ఉంది. మొదట్లో 78.4 కిలోల్లో 38.1 శాతం కొవ్వు, అంటే 29.9 కిలోలు. ఇప్పుడు 76.0 కిలోల్లో 39.0 శాతం, అంటే 29.6. మొత్తం 2.4 కిలోలు తగ్గితే అందులో కొవ్వు పావుకిలో. మిగతా రెండు కిలోలకు పైగా కండేనని యాప్ తేల్చేసింది.

నా నోట్స్ వేరే కథ చెబుతున్నాయి. నడుము 97.5 నుంచి 93కి వచ్చింది. డంబెల్ ఎత్తిపట్టుకుని చేసే స్క్వాట్ 6 కిలోల నుంచి 14 కిలోలకు పెరిగింది. బెల్టు రెండు రంధ్రాలు లోపలికి వచ్చింది. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళలో బలం తొందరగా పెరగడానికి కండ పెరగడం ఒక్కటే కారణం కాదు, నరాలు ఆ కదలికకు అలవాటు పడటమూ ఒక కారణం. కాబట్టి స్క్వాట్ అంకె చూపించి "కండ పెరిగింది" అని నేను వాదించలేను. కానీ రెండు కిలోల కండ పోగొట్టుకున్న మనిషి రెట్టింపు కంటే ఎక్కువ బరువుతో కూర్చుని లేవడం, పైగా కొవ్వు తగ్గకుండా నడుము నాలుగున్నర సెంటీమీటర్లు తగ్గడం, ఈ రెండూ కలిపి నమ్మడం కష్టం.

అంతకంటే నన్ను కంగారుపెట్టింది వేరే ఉంది. ఆవిడ రోజుకు మూడుసార్లు మెషిన్ ఎక్కుతున్నారు. నంబరు ఎక్కువ వచ్చిన రోజు రాత్రి తినడం మానేస్తున్నారు. ఆ వారంలో అలా మూడు రాత్రులు. నీళ్ళు కూడా తగ్గించారు, "బరువు తక్కువ చూపిస్తుందని". వాంతి చేసుకోవడం, ఆపుకోలేకుండా తినడం లాంటివి ఉన్నాయా అని విడిగా అడిగాను, లేవన్నారు. మరో రెండు వారాలు భోజనం మానడం ఆగకపోతే సైకాలజిస్ట్ దగ్గరికి పంపాలని నోట్స్‌లో గీత గీసుకున్నాను.

ఆ నంబరు ఎలా పుడుతుంది

ఇది చెప్పకపోతే తర్వాత చేసినవి అర్థం కావు.

మెషిన్ మీదున్న లోహపు పలకల మీద పాదాలు పెట్టగానే చాలా చిన్న కరెంటు ఒక కాలిలోంచి ఎక్కి రెండో కాలిలోంచి దిగుతుంది. ఒక మిల్లీ ఆంపియర్‌కు లోపే, మామూలుగా 50 కిలోహెర్ట్జ్ దగ్గర. ఉప్పు కలిసిన నీరు కరెంటును బాగా పోనిస్తుంది, కొవ్వు అంతగా పోనివ్వదు. ఎంత అడ్డు తగిలిందో మెషిన్ చూస్తుంది. ఆ అడ్డు, మనం యాప్‌లో ఎక్కించిన ఎత్తు, వయసు, ఆడా మగా, తూచిన బరువు, వీటన్నిటినీ ఒక సూత్రంలో వేస్తుంది. ఎత్తును ఎత్తుతోనే గుణించి, వచ్చినదాన్ని ఆ అడ్డుతో భాగించే పద్ధతి 1980ల నుంచి వాడుకలో ఉన్నదే. దాన్నిబట్టి ఒంట్లో నీరు ఎంతో అంచనా కడతారు. కొవ్వు కాని భాగంలో నీరు 73 శాతం దాకా ఉంటుందన్న సగటుతో కొవ్వు లేని బరువు లెక్కిస్తారు. దాన్ని మొత్తం బరువులోంచి తీసేస్తే మిగిలేది కొవ్వు. అంటే కొవ్వును ఎక్కడా నేరుగా కొలవలేదు. ఒంట్లో నీరు కాస్త అటూఇటూ అయితే ఆ తేడా అంతా కొవ్వు పద్దులోకో కండ పద్దులోకో పోతుంది.

డైటింగ్ మొదటి వారాల్లో ఇది బాగా కనిపిస్తుంది. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే చక్కెర రూపం, గ్లైకోజెన్, తగ్గుతుంది. దాని ఒక్కో గ్రాముతో సుమారు మూడు గ్రాముల నీరు కూడా పోతుంది. మెషిన్ లెక్కలో పోయిన నీరంటే పోయిన కండే.

ఇంకోటి, కరెంటు దారి. పాదం నుంచి పాదానికి పోయే కరెంటు చూసేది ముఖ్యంగా కాళ్ళను. మొండెం మన బరువులో దాదాపు సగం. కానీ లావుపాటి గొట్టంలో నీళ్ళకు అడ్డు తక్కువగా ఉన్నట్టే అక్కడ కరెంటుకు తగిలే అడ్డు చాలా తక్కువ. చేతుల నుంచి కాళ్ళ దాకా కొలిచే మెషిన్లలోనే మొత్తం అడ్డులో మొండెం వాటా పదో వంతు ఉంటుంది. పాదాల మెషిన్‌కు ఛాతీ, చేతులు అసలు దారిలోనే ఉండవు. ఈ క్లయింట్ నడుము దగ్గర తగ్గిన నాలుగున్నర సెంటీమీటర్లు ఆ మెషిన్‌కు సరిగా కనిపించే చోట లేవు. "విసెరల్ ఫ్యాట్ 12" అని కొన్ని యాప్‌లు చూపించే అంకె కూడా ఇదే సరుకు: యూనిట్ ఉండదు, లోపలి కొవ్వును చూసి చెప్పేదీ కాదు. మెటబాలిక్ ఏజ్ సంగతి సరేసరి. అంచనా వేసిన కొవ్వులోంచి అంచనా వేసిన కేలరీలు తీసి, వాటిని ఏ వయసువాళ్ళ సగటుతోనో పోల్చి చెప్పే మాట. ఆ లైను యాప్‌లో కనిపించకుండా ఆ రోజే సెట్టింగ్స్‌లో తీయించేశాను. ఈ కేసులో నేను తడబడకుండా చేసిన మొదటి పని అదే.

మొదటి ప్రయత్నం: కొలిచే పద్ధతి సరిచేయడం

రోజుకు మూడుసార్లు, రకరకాల వేళల్లో ఎక్కుతున్నారు కాబట్టి రీడింగులు చెదిరిపోతున్నాయని అనుకున్నాను. అనుమానం న్యాయమైనదే. నీళ్ళు తక్కువ తాగితే అడ్డు పెరిగి కొవ్వు ఎక్కువ చూపిస్తుంది. ఆవిడ తగ్గించుకోవాలనుకున్న నంబరును ఆవిడే పెంచుకుంటున్నారు. వ్యాయామం తర్వాత ఒళ్ళు వేడెక్కి, చర్మానికి రక్తం ఎక్కువ చేరి అడ్డు తగ్గుతుంది, కొవ్వు తక్కువ చూపిస్తుంది. పాదాలు బాగా పొడిబారినా, మడమలు పగిలినా, చల్లగా ఉన్నా కరెంటు సరిగా అందదు.

నియమం పెట్టాను: పొద్దున లేచి బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక, ఏమీ తాగకముందు, గట్టి నేల మీద, శుభ్రమైన పాదాలతో, రోజుకు ఒక్కసారి. నీళ్ళు రోజంతా మామూలుగా తాగాలి.

రెండు వారాల తర్వాత చూస్తే అంకెలు కాస్త దగ్గరపడ్డాయి కానీ మధ్యమధ్య ఉన్నట్టుండి మూడు పాయింట్లు ఎగిరిన రోజులు మిగిలే ఉన్నాయి. ఒకరోజు 37.8, మర్నాడు 41.1. ఇక్కడ నేను ఆగి ఉండాల్సింది. ఒంట్లో నీరు అటూఇటూ అవడం వల్ల వచ్చే తేడా ఆ కొసా ఈ కొసా మధ్య అన్నిచోట్లా పరుచుకుని ఉంటుంది. ఈ రీడింగులు రెండు గుంపులుగా ఉన్నాయి, మధ్యలో ఖాళీ. కళ్ళెదుట ఉన్న ఆ ఖాళీని చూడకుండా, "ఆ రోజు నీళ్ళు తాగాక ఎక్కారేమో" అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. "లేదు మేడమ్, మీరు చెప్పినట్టే చేశాను" అన్నారు. నేను నమ్మలేదని ఆవిడకు తెలిసిపోయింది. తర్వాత రెండుసార్లు అపాయింట్‌మెంట్ వాయిదా వేసుకున్నారు.

రెండో ప్రయత్నం: డెక్సా

గొడవ ఒక్కదెబ్బతో తేల్చేద్దామని డెక్సా స్కాన్ చేయించుకోమన్నాను. రెండు వేర్వేరు శక్తుల ఎక్స్‌రేలు పంపి ఎముక, కొవ్వు, మిగతా కణజాలం విడదీసి చెప్పే పద్ధతి అది. రేడియేషన్ చాలా తక్కువ. ఇంటి స్కేల్ కంటే ఎంతో నయం.

రిపోర్టులో 42.6 శాతం అని వచ్చింది.

స్కాన్ సెంటర్ నుంచే ఫోన్ చేశారు. ఏడుస్తున్నారు. 39 ఎక్కువనుకుని బాధపడుతున్న మనిషికి నేను ఖర్చు పెట్టించి మరీ 42.6 చేతిలో పెట్టాను.

వెళ్ళే ముందే నేను చెప్పాల్సిన సంగతి ఒకటుంది: ఈ రెండు పద్ధతుల అంకెలూ కలవవు. కొవ్వు ఎక్కువగా ఉన్నవాళ్ళలో ఇంటి స్కేళ్ళు తక్కువ చూపించడం, బాగా సన్నగా ఉన్నవాళ్ళలో ఎక్కువ చూపించడం తరచుగా కనిపించేదే. వాటి సూత్రాలు సగటు మనుషుల మీద తయారయ్యాయి, అందుకే ఎవరినైనా సగటు వైపు లాగుతాయి. ఆ మాటకొస్తే డెక్సా కూడా అంచనానే, కాకపోతే మెరుగైన అంచనా. పాతకాలంలో ప్రామాణికంగా చూసిన నీళ్ళలో ముంచి తూచే పద్ధతిలో కూడా సాంద్రతను కొవ్వు శాతంగా మార్చడానికి సిరి అనే శాస్త్రవేత్త 1961 నాటి సూత్రాన్నే వాడతారు. కొవ్వు సాంద్రత ఇంత, మిగతాది ఇంత అని ముందే అనుకుని కట్టిన లెక్క అది. శరీరంలో కొవ్వును నిజంగా విడదీసి తూచాలంటే శవపరీక్ష బల్ల ఒక్కటే దారి. ఇదంతా ఆవిడకు స్కాన్ అయ్యాక చెప్పాను. అప్పుడు ఎంత చెప్పినా సముదాయింపులాగే వినిపిస్తుంది.

ఆ స్కాన్ వృథా మాత్రం కాలేదు. ఆ సంగతి తర్వాత.

మూడో ప్రయత్నం: మెషిన్ దాచేయడం

ఇక నంబర్లే వద్దనుకున్నాను. స్కేల్ అటక మీద పెట్టించేశాను. తిండి సరిగా తినాలి, వ్యాయామం చేయాలి, నెలకోసారి నా దగ్గర టేపు కొలత. నంబరు చూసి భోజనం మానేస్తున్న మనిషికి ఆ నంబరు దూరం చేయడం సబబే అనిపించింది. కొంతమందికి ఇదే సరైన దారి, ఇప్పటికీ చేస్తాను.

ఈవిడకు కుదరలేదు. ఆవిడ లెక్కల మనిషి. తెలియకపోవడమే ఆవిడకు ఎక్కువ టెన్షన్. పది రోజులు కూడా ఆగకుండా జిమ్‌లో చేతులతో పట్టుకునే మీటర్ మీద చూసుకున్నారు. అందులో 33.9. కరెంటు చేతి నుంచి చేతికి పోయే ఆ మెషిన్ నడుము కింద ఏముందో చూడదు, అందుకే వేరే నంబరు. ఇప్పుడు ఆవిడ దగ్గర మూడు అంకెలున్నాయి: 39, 42.6, 33.9. "వీటిలో నేను ఎవర్ని?" అని అడిగారు. నవ్వుతూనే అడిగారు. భోజనం మానడం అప్పటికి ఆగిందని కూడా చెప్పారు, అదొక్కటే ఊరట.

నాలుగు నిమిషాలు

పద్నాలుగో వారంలో పాత రీడింగులన్నీ యాప్‌లోంచి ఫైలుగా దించుకుని రమ్మన్నాను. పెద్ద ఆలోచనేం లేదు. ఆవిడ నంబర్లు అడుగుతున్నారు కాబట్టి, ఇద్దరం కలిసి అవే నంబర్లు వరసగా చదువుదామనుకున్నాను. గ్రాఫు చూసినప్పుడు గీతే కనిపిస్తుంది. పట్టికలో తేదీ, టైము, బరువు, శాతం విడివిడిగా ఉంటాయి.

తొమ్మిదో వారంలో ఒక వరస దగ్గర నా వేలు ఆగింది. 6 గంటల 42 నిమిషాలకు 76.1 కిలోలు, 37.9 శాతం. దాని కిందే 6 గంటల 46 నిమిషాలకు 75.6 కిలోలు, 41.3 శాతం. నాలుగు నిమిషాల్లో అరకిలో తగ్గి, కొవ్వు మూడున్నర పాయింట్లు పెరగడం ఏ శరీరంలోనూ జరగదు.

"ఆ రోజు రెండుసార్లు ఎక్కారా?"

"లేదు మేడమ్. ఒక్కసారే." కాసేపు ఆలోచించి, "అక్క ఎక్కుతుంది నా తర్వాత. కానీ అక్కకు వేరే ప్రొఫైల్ ఉంది" అన్నారు.

వాళ్ళక్క 51 ఏళ్ళ మనిషి, ఎత్తు 153, బరువు ఎన్నాళ్ళుగానో 75.5 దగ్గరే. ఆ స్కేల్ ఎక్కింది ఎవరో బరువును బట్టి పోల్చుకుని ఎవరి ఖాతాలో వాళ్ళ రీడింగు వేస్తుంది. మొదట్లో ఇద్దరికీ మూడు కిలోల తేడా, ఇబ్బంది లేదు. క్లయింట్ బరువు తగ్గుతున్నకొద్దీ అక్క బరువుకు దగ్గరయ్యారు. అయిదో వారం నుంచి మెషిన్ ఇద్దరినీ కలిపేయడం మొదలుపెట్టింది. అక్క రీడింగులు కొన్ని చెల్లెలి ఖాతాలో పడ్డాయి. అక్క ఒంట్లో కొవ్వు ఎక్కువ, కాబట్టి శాతం పైకి ఎగిరింది. చెల్లెలు బాగా తగ్గిన రోజులేమో అక్క ఖాతాలోకి పోయాయి. అంటే చెల్లెలికి అనుకూలంగా ఉన్న రోజులే ఏరేసినట్టు మాయమయ్యాయి. ఈ ఆటంతటికీ మూలం క్లయింట్ బరువు తగ్గడమే. తగ్గి ఉండకపోతే మెషిన్ పొరబడేది కాదు.

నా క్లినిక్‌లో తూచినప్పుడు బరువు దాదాపు యాప్‌తో సరిపోయేది. ఇద్దరి బరువూ ఒకటే అయినప్పుడు సరిపోక ఏం చేస్తుంది? అందుకే నాకు అనుమానం రాలేదు. ఆవిడకు క్షమాపణ చెప్పాను. నీళ్ళు తాగి ఎక్కారేమో అన్నందుకు.

పాత డేటా ఏం చేయాలన్నది తర్వాతి ప్రశ్న. అక్క ఖాతాలో దొరికిన చెల్లెలి రీడింగుల్లో బరువు వాడుకోవచ్చు, దానికి ఎత్తూ వయసూ అక్కర్లేదు. కొవ్వు శాతం మాత్రం అక్క ఎత్తుతో, అక్క వయసుతో లెక్కకట్టింది. అసలు అడ్డు ఎంతో ఆ యాప్ చూపించదు కాబట్టి తిరిగి లెక్కించలేం. అయిదు నుంచి పద్నాలుగో వారం దాకా శాతాలన్నీ కొట్టేశాం. నమ్మదగినవి మొదటి నాలుగు వారాలవే.

మెషిన్‌కే పరీక్ష

తర్వాత చేసింది నాకు ఈ కేసులో అన్నిటికంటే నచ్చిన పని. మెషిన్ ఆవిడను కొలవడం ఆపి, ఆవిడ మెషిన్‌ను కొలవడం. ఒక ఆదివారం ఇంట్లో కూర్చుని, నేను రాసిచ్చిన వరసలో చేసి పంపారు.

పొద్దున వెంటవెంటనే మూడుసార్లు: 37.3, 37.5, 37.3. బరువు 74.8. ఆ తర్వాత 700 మిల్లీలీటర్ల నీళ్ళు తాగి వెంటనే ఎక్కితే 75.5 కిలోలు, 37.7 శాతం. లెక్క వేస్తే పెరిగిన 700 గ్రాముల్లో 500 గ్రాములకు పైగా కొవ్వు పద్దులో పడింది. కడుపులో ఉన్న నీళ్ళు కరెంటు దారిలో లేవు, బరువులో ఉన్నాయి. సాయంత్రం నడిచొచ్చాక 35.6.

ప్రొఫైల్ మార్చి చూసింది మాత్రం పొద్దుటే, 37.3 దగ్గర. ఎత్తు 158 బదులు 163 అని ఎక్కిస్తే 35.6. వయసు 43 బదులు 23 అంటే 35.1. అథ్లెట్ మోడ్ పెడితే 30.2. ఈ మార్పులన్నీ పది నిమిషాల్లో, అదే శరీరం మీద. "ఇరవయ్యేళ్ళు చిన్నదాన్నని అబద్ధం చెబితే రెండు పాయింట్లు తగ్గించింది మేడమ్" అని మెసేజ్ పెట్టారు, పక్కన నవ్వే బొమ్మతో. నేను రెండు నెలలుగా చెప్పి ఒప్పించలేనిది ఆ పది నిమిషాల్లో అయిపోయింది. వ్యాయామం చేస్తున్నాం కదా అని అథ్లెట్ మోడ్ పెట్టుకునేవాళ్ళు చాలామంది ఉంటారు. అది ఏళ్ళ తరబడి వారానికి పది గంటలకు పైగా గట్టిగా శ్రమించేవాళ్ళ కోసం పెట్టిన వేరే సూత్రం. మధ్యలో మార్చితే పాత రీడింగులతో పోల్చడానికి వీలుండదు.

వెంటవెంటనే ఎక్కితే ఒకే నంబరు రావడం చూసి మెషిన్ నిజం చెబుతోందనుకోకూడదు. ఎప్పుడూ ఒకే మొత్తంలో తప్పే గడియారం కూడా నిలకడగానే తిరుగుతుంది. కానీ ఆ నిలకడ ఉంటే, అదే మెషిన్‌తో అదే మనిషిలో పెద్ద మార్పును పసిగట్టే అవకాశం ఉంటుంది. ఎంత పెద్ద మార్పు అన్నది ఆ మనిషి డేటాలోనే చూడాలి.

చివరికి కుదిరిన పద్ధతి

మెషిన్ దానంతటది గుర్తుపట్టే ఆప్షన్ ఆపేయించాం. అక్క గెస్ట్ మోడ్‌లో, అంటే రీడింగు ఎవరి ఖాతాలోనూ పడకుండా, చూసుకునేవారు. 14 రోజులు పొద్దుటి రీడింగులు తీస్తే శాతం 36.4కూ 38.5కూ మధ్య తిరిగింది, సగటు 37.4. తిండీ వ్యాయామం మారకుండా ఉన్న రెండు వారాల్లోనే రెండు పాయింట్ల ఊగిసలాట. కాబట్టి ఒక రోజుకూ ఇంకో రోజుకూ మధ్య రెండు పాయింట్ల తేడా వచ్చినా దానికి అర్థం లేదని రాసుకున్నాం. వారాల సగటులు పోల్చినా ఒక పాయింటు లోపు మార్పును మార్పుగా లెక్కపెట్టం. ఇవి ఆవిడకు, ఆ మెషిన్‌కు మాత్రమే పనికొచ్చే హద్దులు.

నిర్ణయాలకు ఏ నంబరు వాడాలన్నది విడిగా తేల్చుకున్నాం. తిండి మార్చాలా వద్దా అన్నదానికి బరువు వారం సగటు. స్కేల్‌లో అన్నిటికంటే నమ్మదగిన భాగం బరువే, దానికి సూత్రాలేవీ అక్కర్లేదు. పొట్ట తగ్గుతోందా అన్నదానికి టేపు, రెండు వారాలకోసారి, కింది పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక. కండ నిలుస్తోందా అన్నదానికి వ్యాయామం నోట్‌బుక్. కొవ్వు శాతం చూడటం నాలుగు వారాలకు ఒక్కసారి, అదీ ఆ వారం సగటు. మూడింట్లో రెండు సరైన దారిలో ఉంటే కొవ్వు శాతం ఏం చెప్పినా తిండి తగ్గించకూడదని ఒప్పందం. ఆ చివరి షరతు ఆవిడే పెట్టారు.

నెలసరికి ముందు రోజుల్లో ఒంట్లో నీరు నిలిచి బరువు, శాతం రెండూ చెదిరేవి, అందుకే నాలుగు వారాల దూరం. మూడు వారాలకోసారి చూస్తే నెలలో వేర్వేరు దశలను పోల్చినట్టవుతుంది.

మొదటి డెక్సా తర్వాత ఆరు నెలలకు అదే సెంటర్‌లో, అదే మెషిన్ మీద మళ్ళీ స్కాన్ చేయించాం. ఈసారి ఎంత రావచ్చో ముందే కాగితం మీద రాసి ఆవిడ చేతికిచ్చి పంపాను: "స్కేల్ కంటే మూడు నుంచి అయిదు పాయింట్లు ఎక్కువ వస్తుంది." వచ్చింది 40.1. బరువు 75.4 నుంచి 71.2కి తగ్గింది. డెక్సా లెక్కన కొవ్వు 32.1 కిలోల నుంచి 28.6కు. తగ్గిన 4.2 కిలోల్లో మూడున్నర కొవ్వే. అప్పటికి ఇంటి స్కేల్ సగటు 37.4 నుంచి 35.9కి వచ్చింది. దిశ రెండింట్లోనూ ఒకటే. డెక్సా రెండున్నర పాయింట్లు తగ్గిందంటే స్కేల్ ఒకటిన్నర చూపించింది, అదీ సరిచేశాక తీసిన మొదటి సగటు నుంచి. నడుము 87.

ఈ కేసు తర్వాత నా దగ్గర ఏం మారింది

కొత్తగా వచ్చేవాళ్ళు స్కేల్ ఉందంటే "మంచిదే" అని వదిలేయడం లేదు. ఇంట్లో ఆ మెషిన్ ఇంకెవరు ఎక్కుతారు, ప్రొఫైల్‌లో ఎత్తు ఎంత ఎక్కించారు, అథ్లెట్ మోడ్ ఉందా, ఈ మూడూ మొదటి రోజే అడుగుతాను. పేస్‌మేకర్ లాంటి పరికరం ఒంట్లో ఉన్నవాళ్ళను, గర్భిణులను కొవ్వు శాతం చూసే మోడ్ వాడొద్దంటాను. గుండె, కిడ్నీ సమస్యలతో ఒళ్ళు వాచేవాళ్ళకు ఆ శాతానికి అర్థమే ఉండదు. తిండికి సంబంధించిన మానసిక సమస్య గతంలో ఉన్నవాళ్ళకైతే మెషిన్ పక్కన పెట్టించడమే నా మొదటి సలహా.

కొనాలా అని అడిగేవాళ్ళకు నేను చెప్పేది: మంచి బరువు మెషిన్ ఎలాగూ కొంటున్నారు, దానికి కొవ్వు శాతం తోడుగా వస్తే రానివ్వండి. దానికోసమే వెతికి ఖరీదైనది కొనక్కర్లేదు, అంతకంటే ముందు టేపు కొనండి. వారానికోసారి సగటు చూసి ఊరుకోగలిగినవాళ్ళకు అది పనికొస్తుంది. పొద్దున్నే కనిపించిన నంబరును బట్టి ఆ రోజు తిండి మార్చుకునేవాళ్ళకు కొన్న రోజు నుంచీ నష్టమే. రీడింగులు తేడాగా ఉన్నప్పుడు క్లయింట్ తప్పు వెతకడానికి ముందు ముడి డేటా అడుగుతాను, గ్రాఫు కాదు. పక్కింటి మెషిన్, జిమ్ మెషిన్, మన మెషిన్ పోల్చుకోవడం మాన్పించడానికి ఇప్పటికీ నా దగ్గర మంచి ఉపాయం లేదు.

అన్నట్టు, గెస్ట్ మోడ్‌కు మార్చిన వారంలో వాళ్ళక్క నాకు ఫోన్ చేశారు. మూడు నెలలుగా ఏమీ చేయకుండానే తన శాతం 44 నుంచి 40కి దిగుతూ వచ్చిందట, పొద్దున నడక మానేసినా ఫరవాలేదనుకున్నారట. ఇప్పుడు మళ్ళీ 44 చూపిస్తోంది, మెషిన్ పాడైందా అని అడిగారు. జరిగింది చెప్పాను. అవతల కాసేపు చప్పుడు లేదు. "అయితే ఆ తగ్గిందంతా దానిదా!" అన్నారు. ఆ తర్వాతి సోమవారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నారు.